కిరాయి మిషన్‌కు పసుపు బొట్టు

మొన్న మా బిడ్డతో కలిసి మాదాపూర్ మెట్రో మెట్లు దిగుతుంటే ఎదురుగా కుర్రకారు గుంపు, అందరి ఒంటిమీదా ఒకటే రంగు చొక్కా. ఏదో ఆఫీసు యూనిఫాం అనుకున్నాను, దగ్గరికొచ్చాక పోల్చుకున్నాను, మా ఫుట్‌బాల్ క్లబ్బు చొక్కా. మా క్లబ్బు అంటున్నానని మాకందులో వాటా ఉందనుకునేరు. అప్పట్లో మా ఆయన ఆ క్లబ్బు గ్రౌండులో మాలి, గోల్ స్తంభాల వెనక రేకుల గదిలో మా కాపురం. నాకు అక్షరాలు అంతంతమాత్రం, నేను చెబుతుంటే మా బిడ్డ రాస్తోంది. నాతో పాటు ఇల్లు ఈదుకొచ్చిన ఆడవాళ్లు చదివితే చాలు.

పాత ఓనరు ముసలాయన క్లబ్బు అమ్ముకుని పోయాక కొత్త ఓనర్లు వచ్చారు. వస్తూనే లైట్లు, గ్రౌండు చుట్టూ బోర్డులు, మాల్‌లో చొక్కాల దుకాణం. ఆట చూడడానికి వచ్చేవాళ్లకంటే ఆటను అమ్మడానికి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. అంత కళకళలోనూ మా ఆయన జీతం మాత్రం ఆలస్యమయ్యేది. ఇంత వెలుగుంటే మా చేతికెందుకు రాదన్న అనుమానం అప్పుడే పట్టుకుంది నన్ను. మా మరిది ఆ కొత్త ఓనర్లలో ఒకాయన కారు నడిపేవాడు. హఫీజ్‌పేట్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ కావాలట, ఉండడానికి గది ఇస్తారట, దసరా దాటితే వేరేవాళ్లను పెట్టుకుంటారని కబురు తెచ్చాడు. మా ఆయన ఊఁ అనడు, ఉఁహూఁ అనడు. బిడ్డ చిన్నది, ఆ గ్రౌండుకేమైనా అయితే మాకు తలదాచుకునే చోటు లేదు.

దసరా నాడు గ్రౌండు సామానంతా కడిగి గోలు ముందు పేర్చి పూజ చేయడం మా అలవాటు. గడ్డి కోసే మిషన్, రోలరు, నీళ్ల మోటారు, అన్నింటికీ పసుపు పూసి బొట్టు పెట్టేది నేనే. ఆ ఏడు మిషన్ దగ్గరికి పోయేసరికి మేనేజరు సారు పరుగున వచ్చి జేబురుమాలుతో నా పసుపు తుడిచేశాడు.

"దానికి పెట్టకండమ్మా, అద్దెది. మరకలు పడితే వాళ్లు ఊరుకోరు."

నేను వంగి చూశాను. బోల్టు సందులో నిరుటి పసుపు ఎండిపోయి అట్లాగే ఉంది.

"సారూ, ఇది మనదే గద. నేను పెట్టిన పసుపే ఉన్నది ఈడ."

ఆయన అటూ ఇటూ చూశాడు. "మనదేనమ్మా. అమ్మేసి మళ్లీ అద్దెకు తీసుకున్నాం. పెద్ద పెద్ద కంపెనీలన్నీ ఇలాగే చేస్తాయండి."

"మరి రోలరు?"

"అదీ అంతేనండి."

"ఇగ ఈ నేలకన్నా పెట్టొచ్చా సారూ?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు, ఫోను తీసుకుని పక్కకు పోయాడు.

పండుగ భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పి, ఓనర్లు అప్పుల్లో మునిగినట్టున్నారంటే మా ఆయన విస్తరి మీంచి తల ఎత్తలేదు. "బోల్టుల పసుపు జూసి ఓనరు అప్పు జెప్తున్నవా? నిన్ను దీస్కపోయి బ్యాంకుల కూసోవెట్టాలె."

"నన్నేడ గూసోవెట్టకు. నీకు రావాల్సిన జీతం తెచ్చుకో," అన్నాను.

అప్పుడు మరిది నోరు విప్పాడు. "వదిన అన్నది నిజమే అన్నా. క్లబ్బు కొననీకి తెచ్చిన అప్పు క్లబ్బు నెత్తినే పెట్టిన్రు. కార్ల కూసుంటే ఓనర్లకు దినాం గదే ముచ్చట. చొక్కాలమ్మిన పైసలన్నీ ఆ అప్పు మిత్తికే పోతున్నయట. గ్రౌండు సుత కుదువ పెట్టిన్రు."

అయినా మా ఆయన కదలలేదు. ఇంత మంది జనం వచ్చే చోటును ఎవరు మూస్తారన్నాడు. వాచ్‌మన్ పని వేరేవాళ్లకు పోయింది. ఎండాకాలం రాకముందే అప్పిచ్చినవాళ్లు గేటుకు తాళం వేసి, వాళ్ల గార్డును కూర్చోబెట్టారు. మేము మూటాముల్లె సర్దుకుని హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక కిరాయి గదికి చేరాం.

మా ఆయన మాత్రం పొద్దున్నే లేచి గ్రౌండుకే పోయేవాడు. ఏం చేస్తున్నాడో అని అనుమానమొచ్చి ఒకరోజు వెనకే వెళ్లాను. గార్డును బతిమాలి లోపలికి పోయి, పైపు పట్టుకుని గడ్డికి నీళ్లు పెడుతున్నాడు.

"ఎవరి గడ్డికి పెడ్తున్నవ్ కాకా నీళ్లు?" అని గార్డు వేళాకోళం చేస్తున్నాడు.

"ఎవరిదైతేంది, ఎండుతున్నది గద," అన్నాడు మా ఆయన.

తిడదామని పోయినదాన్ని, గేటు దగ్గరినుంచే మళ్లాను. జేసీబీలు దిగేదాకా ఆయన ఆ పని మానలేదు. ఆ మనిషి పోయి కూడా ఏళ్లయింది.

క్లబ్బు ఇంకా ఉంది, చేతులు మారింది, కిరాయి స్టేడియాల్లో ఆడుతోందట. గ్రౌండు ఉన్నచోట అద్దాల బిల్డింగు లేచింది. ఒకసారి అక్కడికి పోయి ఇది ఎవరిదని అడిగాను. ఒక కంపెనీ పేరు చెప్పారు. ఆ కంపెనీ ఎవరిదంటే ఇంకో కంపెనీదన్నారు. మా రోజుల్లో ఎవరిదని అడిగితే ఒక ఇల్లు చూపించేవాళ్లు, పోయి ఆ గడప ముందు కూర్చుని పోట్లాడి తెచ్చుకునేవాళ్లం. మా ఆయన ఆఖరి జీతం ఇంకా రావాల్సే ఉంది. ఎవరి తలుపు కొట్టాలో మాత్రం ఇప్పటికీ తెలియదు.