నాన్న మీసం మీద అమ్మ కాసిన పందెం

మా నియోజకవర్గం ఎన్నికల చరిత్ర తెలుసుకోవాలంటే పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. మా ఇంటి హాల్లో గోడకి తగిలించిన మా నాన్న ఫోటోలు చూస్తే చాలు. మీసం నిండుగా, కొసలు పైకి తిరిగి ఉన్నవి ఎన్నికలు లేని సంవత్సరాల ఫోటోలు. అప్పుడే మొలకెత్తిన నారుమడిలా పలచగా ఉన్నవి ఎన్నికలైన ఏడాదివి. ఎమ్మెల్యేగా ఎవరు గెలిచారో వాటిలో కనపడదు. మా నాన్న ఎవరు గెలుస్తారన్నాడో ఆయన మాత్రం ఓడిపోయాడని తెలిసిపోతుంది.

మా వైపు ఎన్నికలొస్తే మీసాల మీద పందెం కాయడం మామూలు. డబ్బులు కాసేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు, వాళ్ళని మా ఇంటి గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. పరువున్న రైతు మీసం కాస్తాడు. ఓడినవాడు సెంటర్లో సెలూన్ ముందు కుర్చీ వేయించుకుని, ఊరంతా చూస్తుండగా కుడివైపు మీసం గొరిగించుకోవాలి. మిగిలిన సగం మీసంతో వారం రోజులు తిరగాలి. ఇంట్లో దాక్కోవడం, జ్వరమని దుప్పటి కప్పుకోవడం కుదరదు. ఈ పందెంలో మా నాన్నకి శాశ్వత ప్రత్యర్థి మా మావయ్య, అంటే అమ్మకి సొంత తమ్ముడు. వాళ్ళ ఊరు వాగుకి అవతల, మా ఊరు ఇవతల. రెండూ ఒకే నియోజకవర్గం.

తొంభైల చివర్లో, నేను హైస్కూల్లో ఉండగా, మొదటిసారి నాన్న మీసం పోవడం చూశాను. ఉన్న ఎమ్మెల్యే మళ్ళీ గెలుస్తాడని నాన్న, గెలవడని మావయ్య. నాన్న లెక్క అంతా ట్రాక్టర్లది. మీటింగుకి ఎన్ని ట్రాక్టర్ల జనం వచ్చారో చూసొచ్చి ఫలితం చెప్పేవాడు. ఆ ట్రాక్టర్లలో మాదీ ఉండేది. పొద్దున ఒకరి మీటింగుకీ, సాయంత్రం ఇంకొకరి మీటింగుకీ వెళ్ళొచ్చేది. అది ఎవరి ఖాతాలో వెయ్యాలో నాన్న ఆలోచించినట్టు లేదు. కౌంటింగు రోజు ఎస్టీడీ బూత్ దగ్గర నిలబడి, గుంటూరు నుంచి ఫోనొచ్చినప్పుడల్లా ఒక రౌండు చొప్పున కుంగిపోయాడు. మర్నాడు స్కూల్లో నా వెనక బెంచీ పిల్ల తన పైపెదవికి సగం దాకా సిరా పూసుకుని కూర్చుంది. దాని జడ పట్టుకుని లాగినందుకు నన్ను బయట నిలబెట్టారు. నాకు ఇప్పటికీ ఆ విషయంలో పశ్చాత్తాపం లేదు.

ఆ తర్వాతి ఎన్నికలకి నాన్న తెలివి మీరాడు. "మన నియోజకవర్గం ఒకసారి గెలిపించినవాణ్ణి రెండోసారి గెలిపించదురా, చరిత్ర చూసుకో," అని మావయ్యతో పందెం కాశాడు. చరిత్ర చూసుకున్నాడు గానీ ఊరు చూసుకోలేదు. ఉన్నాయనే మళ్ళీ గెలిచాడు. అప్పటికి ఓటింగు మిషన్లొచ్చాయి కాబట్టి రౌండ్ల వారీగా తీరిగ్గా కుంగే అవకాశం కూడా దక్కలేదు, మధ్యాహ్నం భోజనాల వేళకే కుర్చీ ఎక్కాల్సొచ్చింది. ఆ వారంలోనే మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళాడు. మూతికి కండువా చుట్టుకుని నిలబడితే కమిషన్ వ్యాపారి పాపం పంటి నొప్పి అనుకుని లవంగం ఇచ్చాడట. నాన్న ఆ లవంగం నములుతూనే ఇంటికొచ్చాడు.

ఆ రెండుసార్లూ అమ్మ ముందే చెప్పింది. ఎవరు గెలుస్తారో, ఎందుకు గెలుస్తారో కూడా చెప్పింది. ఇంటి ముందు కల్లంలో కూర్చుని, ఎండిన మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయ ఏరుతూ చెప్పిన మాటని నాన్న విన్నాడే గానీ తలకెక్కించుకోలేదు. "నువ్వు కాయ చూడవే, రాజకీయాలు మేం చూస్తాం," అన్నాడు. మా అమ్మ నోరు మంచిది కాదు, వాగు అవతల వాళ్ళ ఊరి దాకా వినపడుతుంది. అలాంటి మనిషి ఆ మాటకి బదులు చెప్పకుండా చాట దులుపుకుని లోపలికెళ్ళింది. అది కోపం కాదనీ, మనసు నొచ్చుకుందనీ నాకు అర్థమైంది.

మూడోసారి ఎన్నికలొచ్చేసరికి నాకు పెళ్ళి కుదిరింది. అబ్బాయి వాళ్ళది చీరాల వైపు. ముహూర్తం పెట్టుకున్నాక ఎన్నికల తేదీలొచ్చాయి. పోలింగు ఏప్రిల్లో, కౌంటింగు ఏకంగా నెల తర్వాత. నా పెళ్ళి కౌంటింగు అయిన మూడో రోజు.

శుభలేఖలు ఎవరెవరికి పంచాలో మాట్లాడటానికి మావయ్య వచ్చాడు. ఆయన వస్తే శుభలేఖల దగ్గర మొదలైన మాట కాఫీ అయ్యేలోపు ఎన్నికల్లోకి తిరుగుతుంది. చిత్రంగా ఈసారి ఇద్దరిదీ ఒకే మాట. ఆ ఏడు నియోజకవర్గం హద్దులు మారి, కొత్తగా కొన్ని ఊళ్ళొచ్చి కలిశాయి. అయినా ఉన్న ఎమ్మెల్యేనే ముచ్చటగా మూడోసారి గెలుస్తాడని నాన్న అన్నాడు, అవునని మావయ్యా అన్నాడు.

"అయితే ఈసారి పందెం లేదన్నమాట. నీ మీసం బతికింది పో, బావా," అన్నాడు మావయ్య.

"ఓడిపోతాడు," అంది అమ్మ.

తను ఆఖరి కోత కాయల రాశి పక్కన కూర్చునుంది. తల కూడా ఎత్తలేదు. మావయ్య నవ్వాడు. "నిన్నగాక మొన్న మీ చేలోకే వచ్చాడంటగా అక్కా ప్రచారానికి. కూలీలంతా నవ్వుతా తలూపారంట. అదే ఆయన మీద పోటీ చేసే ఆ కొత్తాయనొస్తే గట్టు మీద నిలబెట్టి తిట్టిపోశారంట. ఊరంతా చెప్పుకుంటన్నారు."

"నేను అక్కడే ఉన్నాలేరా. అందుకే చెప్తన్నా," అంది అమ్మ. "నీళ్ళు రావట్లేదని తిట్టారు, బస్సు లేదని తిట్టారు, కోత మానేసి అరగంట తిట్టారు. ఏదన్నా చేస్తాడనుకున్నవాణ్ణే తిడతారు. ఉన్నాయనకి మాత్రం అలాగేనయ్యా, మంచిదయ్యా అని తలూపి పంపించారు. మన ఆడాళ్ళు అంత మర్యాదగా తలూపారంటే ఆ గడప ఇంక తొక్కరని అర్థం. పెళ్ళై ఇన్నేళ్ళయింది, ఇంత మాత్రం తెలీదా మీకు?"

"అంత నమ్మకముంటే పందెం కాయి. ఏం కాస్తావు? నీకు మీసం లేదుగా," అన్నాడు మావయ్య.

అమ్మ చాట కింద పెట్టింది. "మీ బావది కాస్తా."

నాన్నకి పొలమారింది. కాయల ఘాటు వల్లనో, మాట వల్లనో తెలీదు గానీ చాలాసేపు దగ్గాడు. దగ్గు తగ్గాక, "నా మీసమేంటే, నేను గెలుస్తాడని అంటుంటేను," అన్నాడు.

"రెండుసార్లు మీ మాట మీద పోగొట్టుకున్నారు. ఈసారి నా మాట మీద నిలబెట్టుకోండి," అంది అమ్మ. మావయ్య అప్పటికే చెయ్యి చాపాడు. అమ్మ చేతికున్న కారం చీర కొంగుకి తుడుచుకుని ఆ చేతిలో చెయ్యేసింది.

అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళిలో కన్యాదానం చెయ్యాల్సింది నాన్న. నన్ను బుట్టలో కూర్చోబెట్టి మండపంలోకి మోసుకురావాల్సింది మేనమామ. ఇద్దర్లో ఎవరోడినా నా పెళ్ళి పీటల దగ్గర సగం మీసం ఖాయం. అత్తవారి ముందు, వీడియో లైట్ల ముందు. ముహూర్తం మార్చమని గోల చేశాను. "ముహూర్తాలేమన్నా ఎలక్షన్ కమిషన్ పెడుతుందా," అని అమ్మ నా మీదే కసిరింది.

ఆ నెల మా నాన్నది విచిత్రమైన బతుకు. పొద్దున్నే ఎమ్మెల్యే గారి కండువా వేసుకుని ఆయన తరఫున ఇల్లిల్లూ తిరిగేవాడు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి మీసం సవరించుకునేవాడు. అభ్యర్థి గెలిస్తే మీసం పోతుంది, మీసం నిలవాలంటే అభ్యర్థి పోవాలి. మెల్లగా ప్రచారంలో ఆయన గొంతు తగ్గింది. పోలింగు రోజు ఎర్రటి ఎండలో లైన్లో నిలబడి ఓటేసి, ఎవరికేశాడో చెప్పకుండా వచ్చి పడుకున్నాడు. పోలింగు అయ్యాక నెల రోజులు మా ఇంటికొచ్చినవాళ్ళెవరూ పెళ్ళి గురించి అడగలేదు. అందరికీ మీసం గురించే కావాలి. పందిరి వెయ్యడానికి వచ్చినాయన కూడా కొలతలు తీసుకుంటూ, "ఏవంటారమ్మా, నిలబడుద్దా?" అన్నాడు. పందిరి సంగతి కాదు ఆయన అడిగింది.

కౌంటింగు రోజు పొద్దున్నుంచీ మా హాల్లో టీవీ ముందు కూర్చోడానికి చోటు లేదు. చుట్టాలు, పక్కింటివాళ్ళు, పెళ్ళి వంటవాళ్ళు, మావయ్య. అమ్మ మాత్రం పెరట్లో పసుపు కొమ్ములు దంచిస్తూ ఉంది. మొదట్లో ఉన్నాయనే ముందున్నాడు. మావయ్య నాన్న వైపు చూసి చిన్నగా దగ్గాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తర్వాత కొత్తగా కలిసిన ఊళ్ళు లెక్కకొచ్చాయి, తర్వాత మా మిరప చేల వైపు ఊళ్ళొచ్చాయి. ఆధిక్యం కరిగింది, సమమైంది, తిరగబడింది. పన్నెండు దాటేసరికి టీవీ వాడు కొత్తాయన పేరు చదివాడు.

హాలంతా మావయ్య మీసం వైపు తిరిగింది. తర్వాత మా నాన్న లేచాడు. తను నెత్తిన మోసిన అభ్యర్థి ఓడిపోయిన మనిషిలా లేడు. నేరుగా పెరట్లోకి నడిచి అమ్మ ముందు నిలబడ్డాడు.

"గెలిచావే," అన్నాడు.

"తెలుసు," అంది అమ్మ. రోకలి ఆపించి ఆయన మొహంలోకి చూసింది. "ఇప్పుడు చెప్పండి. మీరెవరికేశారు?"

నాన్న రెండు చేతులతో మీసం కొసలు పైకి తిప్పాడు. "నా మీసానికేశా."

అమ్మ అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. పసుపు చేతుల్తోనే మొహం కప్పుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటే మొహమంతా పసుపైంది. ఇన్నేళ్ళకి అమ్మ మాటకి ఆయన ఓటేశాడన్న సంగతి ఆ నవ్వులో ఉంది.

ఆ సాయంత్రం మావయ్య సెలూన్‌కి బయల్దేరుతుంటే అమ్మ అడ్డం నిలబడింది. "పెళ్ళయ్యాక గొరిగించుకోరా. ఎవరేమంటారు. పిల్ల పెళ్ళి."

"మాట తప్పినాక ఈ మీసం ఉండి ఏం లాభం అక్కా," అన్నాడు మావయ్య. కుర్చీ సెంటర్లో వేయించుకున్నాడు. రెండు ఊళ్ళ జనం చూశారు. జనంలో ముందు వరసలో మా కోత కూలీ ఆడాళ్ళు నిలబడ్డారు. అంతకుముందు ఏ పందేనికీ ఆడవాళ్ళు సెంటర్‌కి వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

మూడో రోజు ముహూర్తానికి మావయ్య నన్ను బుట్టలో కూర్చోబెట్టి, బావలు తలో చెయ్యి వేస్తే, మండపంలోకి మోసుకొచ్చాడు. ఆయన మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. ఒకవైపు గుబురు మీసం, ఒకవైపు నున్నగా తెల్లటి పెదవి. తెరకి అవతల పెళ్ళికొడుకు, ఇవతల నేను పొట్ట పట్టుకుని నవ్వడం. పంతులుగారు మంత్రం ఆపి నన్ను కోప్పడ్డారు. పీటల మీద నాన్న నిండు మీసంతో కూర్చుని, ఏమీ ఎరగనట్టు అక్షింతలు సర్దుతున్నాడు.

జీలకర్ర బెల్లం అయ్యాక ఫోటోలకి నిలబెట్టారు. చీరాల నుంచొచ్చిన ఫోటోగ్రాఫర్‌కి మా సంగతి తెలీదు. మర్యాదస్తుడు, మావయ్య పరువు కాపాడదామనుకున్నాడు. "మీరు కొంచెం అటు తిరగండి సార్, మీసం ఉన్నవైపు పడేలా," అన్నాడు. మగపెళ్ళివారంతా చెవులు ఇటు పెట్టారు.

మావయ్య మా అమ్మ భుజం మీద చెయ్యేసి దగ్గరికి లాక్కున్నాడు. మీసం లేనివైపు కెమెరాకి తిప్పి, వాగు అవతలికి కూడా వినపడే గొంతుతో అన్నాడు.

"ఇటువైపే తియ్యవయ్యా. గెలిచింది మా అక్క."