మెత్తనయ్య చేసిన గట్టి రోలర్లు

మార్చి నాలుగో తేదీన బాలికల ఫుట్‌బాల్ జట్టులోని పదహారు మందిలో ఐదుగురు కుంటుతున్నారు. ఆ సాయంత్రమే కోచ్ మేడమ్ మైదానం ఎదురుగా ఉన్న పరుపుల షాపు మెట్లెక్కింది.

షాపు యజమానిని వీధి వీధంతా మెత్తనయ్య అంటుంది. అసలు పేరుతో పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి కూడా చూడడు. కొత్త పరుపు ఏదైనా సరే, ముందు తన చెంప ఆనించి చూసుకోనిదే గడప దాటనివ్వడు. కుంటుతున్న ఐదుగురిలో ఆయన కూతురూ ఉంది. పోయిన నెల పట్టేసిన పిక్క ఇంకా వదల్లేదు.

"ఫోమ్ రోలర్లు కావాలండీ," అంది మేడమ్. "మూరెడు పొడవు, గుండ్రంగా. పిల్లలు తొడలూ పిక్కలూ వాటి మీద ఆనించి దొర్లించుకుంటారు. వార్మప్పూ విశ్రాంతీ ఎలాగూ ఉన్నాయి, వీటితో కండరాలు ఇంకాస్త వదులవుతాయి. గట్టిగా ఉండాలి సుమండీ!"

"గట్టిగానా? పిల్లలకు నొప్పి పుట్టదూ?"

"కొంచెం పుడుతుంది."

ఆయన తల ఊపాడు గానీ చేతులు ఒప్పుకోలేదు. వారం తిరక్కుండా రోలర్లు తయారయ్యాయి: లోపల దూది పింజల్లాంటి ఫోమ్, పైన మఖమల్ గలీబు, అంచులకు కుచ్చులు.

ప్రాక్టీసు ముగిశాక పిల్లలు వాటి మీద కాళ్లు వేశారు. కాసేపటికి తలలు వేశారు. మేడమ్ నీళ్ల సీసా నింపుకొని వచ్చేసరికి గోల్‌కీపర్ గుర్రు పెడుతోంది.

మేడమ్ అందరినీ లేపి, కుంటుతున్నవాళ్లను ఒంటికాలి మీద గెంతమంది. నొప్పి లేకుండా గెంతినవాళ్లకే వచ్చే వారం శనివారం మ్యాచ్‌లో చోటు. మెత్తనయ్య కూతురు రెండు గెంతులకే "అబ్బా" అని కూలబడింది.

"ఊరందరినీ నిద్రపుచ్చావు, చాలదా నాన్నా?" అని ఇంటికొచ్చి విరుచుకుపడింది. "నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి జోకొట్టాలా?"

"నువ్వు అబ్బా అంటే నేను వినలేనే తల్లీ."

కుట్టుమిషను దగ్గర్నుంచి భార్య అందుకుంది. "కూతురి పిక్క కందకూడదు. పెళ్లాం మెడ మాత్రం మిషను మీద విరిగినా ఫర్వాలేదు!"

మర్నాడు పొద్దున ఆయన వాదించడానికే మైదానానికి వెళ్లాడు. మేడమ్ వాదించలేదు. తన సొంత నల్ల రోలర్ తెచ్చి నేల మీద పెట్టి, "ముందు మీ పిక్క ఆనించండి," అంది.

ఏళ్ల తరబడి షాపులో నిలబడిన పిక్క అది. ఆయన పెట్టిన కేకకు భార్య చేతిలో కత్తెరతోనే రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చింది.

"ఎవరండీ మిమ్మల్ని పట్టుకు కొట్టింది?"

ఆయన రోలర్ వైపు వేలు చూపించాడు. పిల్లలు నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు.

"ఊపిరి బిగబట్టకండి బాబాయ్ గారూ! ఓర్చుకోగలిగినంతే, మెల్లగా," అంది మేడమ్.

కాసేపటికి ఆయన లేచి నాలుగడుగులు నడిచాడు. ఆగి, కాలిని అనుమానంగా చూసుకున్నాడు. వెనక్కి వచ్చి, "రెండో కాలు కూడా ఆనించనామ్మా?" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే షాపులో ప్లాస్టిక్ గొట్టాలు కోసి, వాటి చుట్టూ గట్టి ఫోమ్ బిగించాడు. అలవాటు కొద్దీ చెంప ఆనించి, ఉలిక్కిపడి, చెంప రుద్దుకున్నాడు. కుచ్చులు మాత్రం మానలేకపోయాడు.

కూతురు రోజూ రోలర్ మీద పిక్క దొర్లించింది, మేడమ్ చెప్పిన వ్యాయామాలు చేసింది. అంతసేపూ తండ్రి చెవుల్లో ఫోమ్ ముక్కలు కుక్కుకుని కూర్చున్నాడు. వారం చివర ఆమె ఒంటికాలి మీద షాపు ముందు నుంచి మైదానంలో ఉన్న మేడమ్ దాకా గెంతుకుంటూ వెళ్లింది.

తరువాతి వారం శనివారం ఆమె ఆట మొత్తం ఆడింది. ఆమె బంతి తీసుకున్నప్పుడల్లా మెత్తనయ్య గీత పక్కనే తానూ పరుగెత్తాడు. చివరి నిమిషాల్లో ఆయన పిక్క పట్టేసింది. విజిల్ పడగానే జట్టంతా చుట్టూ మూగింది, వాళ్ల వెనకే ఆట చూడ్డానికొచ్చిన భార్య కూడా.

"నాన్నా, మెత్తది తెమ్మంటావా, గట్టిది తెమ్మంటావా?" అంది కూతురు.

"గట్టిదే తేవే," అన్నాడు పళ్లు బిగించి. "మీ అమ్మను మాత్రం కాసేపు అటు తిప్పండి."