నాపరాళ్ల గనిలో కాగ్నా నౌక

వికారాబాద్ స్టేషన్లో దిగేసరికి ఉదయం ఆరుంపావు. నవంబరు నెల. అనంతగిరి వైపు నుంచి చలిగాలి. నా సామాను ఒక ఇనుప పెట్టె, ఒక కిట్ బ్యాగు, చంకలో చుట్టలు చుట్టిన డ్రాయింగులు. ఎక్కడికని ఆటో అతను అడిగాడు. నౌకాదళం ఆఫీసుకన్నాను. నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"ఈడ సముద్రం యాడిదన్నా?" అన్నాడు.

ఊళ్లో ఇప్పటికీ అందరూ అడిగేది అదే. అందుకే ఇది రాస్తున్నాను.

ఉత్తర్వు ఒకే పేజీ. జలాంతర్గాముల్ని వెతికే చిన్న గస్తీ నౌకకు డిజైను గీయాలి. పొడవు నలభై మీటర్లు, సిబ్బంది ముప్పై మంది. ముందు ఎనిమిది మీటర్ల నమూనా కట్టి నీళ్లలో దించి, పరీక్షాధికారి ముందు నెగ్గాలి. నెగ్గితే ఆ తరహా నౌకలు కడతారు. లేకపోతే మా కాగితాలు బీరువాలోకి పోతాయి.

నాకు ఇది ఉద్యోగం ఒక్కటే కాదు. పదిహేనేళ్లు చిన్న నౌకల మీద హెడ్‌ఫోన్లు పెట్టుకుని సముద్రాన్ని విన్నవాణ్ణి. చిన్న నౌకకు ఒకటే శాపం. తన ఇంజను మోత తన చెవుల్నే మూసేస్తుంది. ఒకసారి నౌకాదళ విన్యాసాల్లో మన జలాంతర్గామే మా కిందనుంచి దర్జాగా వెళ్లిపోయింది. నాకు వినపడలేదు. అదే యుద్ధమైతే ముప్పై మందిమీ నీళ్లలో ఉండేవాళ్లం. ఆ రోజు సిగ్గుతో అన్నం సహించలేదు. ఆ తర్వాతే పట్టుబట్టి డ్రాయింగు నేర్చుకున్నాను. రిటైర్మెంటు ఏడాది ఉందనగా నా గీతలకు ఈ పిలుపు వచ్చింది.

జట్టులో నలుగురం. నేను చీఫ్ పెట్టీ ఆఫీసర్ని, అందరూ చీఫ్ అనేవాళ్లు. కమాండర్ మలయాళీ, హిందీలో మాట్లాడేవాడు. ఆయన మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మెకానిక్‌ది శ్రీకాకుళం. నీటి అడుగు శబ్దాలు వినే సోనార్ ఆపరేటర్ కుల్కచర్ల అమ్మాయి. నలుగురిలో చిన్నది, చెవులు మాత్రం అందరికంటే పదును.

గీత పని వికారాబాద్‌లో, అద్దె గదుల్లో. నీటి పని తాండూరులో. రేవులో పరీక్ష పెడితే పక్క ఓడల మోత కలిసిపోతుంది. నిశ్చలంగా, లోతుగా ఉండే నీళ్లు కావాలి. వదిలేసిన నాపరాళ్ల గని చూపించింది నేనే. నలభై అడుగుల నీళ్లు, చుట్టూ మెట్లు మెట్లుగా కోసిన రాయి. మా నాన్న బండలు పరిచే మేస్త్రి. తాండూరు గనులన్నీ చిన్నప్పుడే తిరిగాను.

రోజూ ఏడింటికి జీపు బయల్దేరేది. ధారూర్ దాటాక కంది చేలు పసుపుపచ్చగా పూసి ఉండేవి. ఎనిమిదిన్నరకు గని. కానీ పరీక్షకు దొరికేది ఒక్క గంటే. మధ్యాహ్నం ఒంటిగంటకు చుట్టుపక్కల కోత మిషన్లు, పాలిషింగ్ మిషన్లు అన్నం వేళకు ఆగుతాయి. రెండింటికి మళ్లీ మొదలు. మధ్యలో రైలు వస్తే అదీ పోయినట్టే. రైలు మోత రాతిలోంచి నీళ్లలోకి దిగుతుంది.

పద్ధతి ఇది. మెకానిక్ పుట్టిలో, అంటే గుండ్రటి బుట్టపడవలో కూర్చుని చిన్న శబ్దం చేసే పెట్టెను నీళ్లలోకి వదులుతాడు. అది మా దొంగ జలాంతర్గామి. నమూనాలో ఇంజనుకు బదులు జనరేటర్ తిరుగుతుండగా, దాని అడుగున బిగించిన రెండు నీటి మైకులతో ఆపరేటర్ వినాలి. ఆమె ఉండేది గట్టు మీద రేకుల షెడ్డులో. ఆమెకు గని కనపడదు. పెట్టె ఎటు ఉందో చెప్పాలి.

మొదటి రోజు వాకీటాకీలో ఆమె గొంతు. "ఏం వినవస్తలేదు చీఫ్. మన ఇంజనే గుయ్‌మంటుంది."

జనరేటర్ పంకా మార్చాం. రబ్బరు దిమ్మలు మార్చాం. పైపులకు గుడ్డలు చుట్టాం. పన్నెండు రోజులు గడిచాయి. అదే గుయ్. పరీక్షాధికారి వచ్చేది ఎల్లుండి.

"ఏటి చీఫ్, ఇంకేటి మార్చమంటావు? నన్ను మార్చడమే మిగిలింది" అన్నాడు మెకానిక్. ఎవరికీ నవ్వు రాలేదు. నాకైతే ఒళ్లు మండింది.

గనికి కాపలాదారు ఖాసిం చిచ్చా. డెబ్బై దాటాయి. నలభై ఏళ్లు ఇక్కడే బండలు తీశాడు. మా నాన్నకు బండలు ఏరి ఇచ్చింది ఆయనే. రోజూ గట్టు మీద కూర్చుని మా తంటాలు చూసేవాడు. ఆ మధ్యాహ్నం తన చిన్న సుత్తె పట్టుకుని నమూనాలోకి దిగాడు.

"జర ఇంజన్ బంద్ పెట్టు బేటా" అన్నాడు.

ముందు నుంచి మొదలుపెట్టి అడుగు పలకల్ని వరసగా తట్టుకుంటూ వచ్చాడు. తట్టినచోటల్లా గట్టి చప్పుడు. జనరేటర్ కింది పలక మీద తట్టాడు. డబ్బుమంది. పక్కన తట్టాడు. మళ్లీ డబ్బుమంది.

"కింద బోలుంది."

"అది కావాలనే అట్ల పెట్టినం చిచ్చా. బరువు తగ్గాలె గద."

ఆయన సుత్తె దించి నా మొహంలోకి చూశాడు. "మీ నాయిన ఎన్నడన్న బండ పరిచి తట్టకుండ లేచిండా?"

నాన్న ప్రతి బండనూ నాలుగు మూలలా, నడుమా వేళ్లతో తట్టేవాడు. డబ్బుమంటే కింద ఇసుక అందలేదన్నమాట. బండ లేపి, ఇసుక నింపి, మళ్లీ పరిచేవాడు. నాకు ఆరేళ్లకే నేర్పిన పని అది. నేనేమో నాలుగు మూలల మీద పలక నిలబెట్టి, కింద ఖాళీ వదిలి, పదకొండు కిలోలు మిగిల్చానని కమాండర్ ముందు గొప్పలు పోయాను. జనరేటర్ తిరిగితే ఆ పలక డప్పులా మోగుతోంది. తప్పు ఇంకెవరిదో కాదు, నాదే.

కమాండర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నా డ్రాయింగు విప్పి బరువుల లెక్క చూశాడు.

"బరువు పెరుగుతుంది చీఫ్."

"పెరగనివ్వండి సార్. ముందు చెవులు రావాలి."

"అయితే నింపండి."

కాగ్నా వాగు ఇసుక తెచ్చాం. జల్లెడ పట్టి, ఎండలో ఆరబెట్టాం. పలక లేపి కింది ఖాళీలో ఇసుక కూరి నింపాం. అసలు నౌకలో ఇసుక పోయరు, బరువైన రబ్బరు ముద్ద నింపుతారు. సూత్రం మాత్రం అదే. పలక బిగించాక నేనే మోకాళ్ల మీద కూర్చుని తట్టాను. నాలుగు మూలలా, నడుమా. గట్టి చప్పుడు. చిచ్చా తల ఊపాడు.

పరీక్ష రోజు. ఒంటిగంటా నాలుగు నిమిషాలకు జనరేటర్ మొదలైంది. పరీక్షాధికారి షెడ్డులో ఆపరేటర్ వెనక నిలబడ్డాడు. నేను గనీ షెడ్డూ రెండూ కనపడేలా తలుపు దగ్గర నిలబడ్డాను. ఐదుసార్లు అడుగుతాను, ఐదూ సరిపోవాలి అన్నాడు.

"ఎడమ, ముందు" అంది ఆపరేటర్.

వాకీటాకీలో మెకానిక్. "ఎడమే. ముందే ఉన్నాను."

రెండోది సరి. మూడోది సరి. నాలుగోది సరి. అప్పుడే వాడీ జంక్షన్ వైపు పోయే గూడ్సు రైలు వచ్చింది. ఆమె హెడ్‌ఫోన్ తీసేసింది. "ఆగాలె సార్. రైలు పోనియ్యండి." గూడ్సు వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దగ్గర వదిలేశాను. ఒంటిగంటా యాభై రెండుకు గని మళ్లీ సద్దుమణిగింది. ఎనిమిది నిమిషాలున్నాయి.

ఆమె కళ్లు మూసుకుంది.

"కుడి. వెనక. దూరం పోతున్నడు."

మెకానిక్ వాకీటాకీలో అరిచాడు. "కుడే, వెనకే! తెడ్డేసుకుని పోతన్నాను, అదీ చెప్పేసింది!"

పరీక్షాధికారి కాగితం మీద సంతకం చేశాడు. "కట్టుకోండి" అన్నాడు. ఒక్క మాటే. కమాండర్ నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. ఆయన అలా చేయడం అదే మొదలు, అదే చివర. ఆ ఆనందం దాచుకోవడం నా వల్ల కాలేదు. గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

నమూనాను బండలు ఎత్తే క్రేన్‌తో పైకి తీశాం. లారీలో బండలకు వేసినట్టే అడుగున ఎండుగడ్డి పరిచి పంపాం. తాండూరు స్టేషన్లో సాయంత్రం నాలుగున్నరకు రైలెక్కాను. తర్వాత మొదటి నౌక సముద్రంలోకి దిగింది. ఆ తరహా నౌకలన్నిటికీ చిన్న వాగుల పేర్లే పెట్టారు. మొదటిదానికి కాగ్నా. ఆ పేరు కమాండరే రాయించాడు. ఆ రోజు నేను రేవులోనే ఉన్నాను. బ్యాండు మోగింది, జెండాలు ఎగిరాయి. ఇప్పుడు తాండూరులో ఉంటున్నాను. ఆ జెండాల రంగులు సరిగా గుర్తు రావు.

గుర్తుండేది పరీక్ష నెగ్గిన ఆ మధ్యాహ్నమే. మిషన్లు మళ్లీ మొదలవడానికి ఇంకా మూడు నిమిషాలున్నాయి. "నేను జర ఇంటనా?" అన్నాడు ఖాసిం చిచ్చా. ఆపరేటర్ లేచి, ఆయన టోపీ మీదుగానే హెడ్‌ఫోన్లు పెట్టింది. జనరేటర్ తిరుగుతోంది. పుట్టి మెల్లగా కుడి నుంచి ఎడమకు పోతోంది. షెడ్డులోంచి ఆయనకు అది కనపడదు. కళ్లు మూసుకున్నాడు. రాళ్లు కొట్టి వంకరపోయిన వేలు ఒకటి పైకి లేచింది. కుడి నుంచి ఎడమకు, పుట్టితో పాటే, మెల్లగా కదిలింది.