తలుపు మెల్లగా వేసే మనిషి

పెండ్లయిన కొత్తలో మా ఆయన నాతో అన్న మొదటి పూర్తి మాట ఇది: "తలుపు మెల్లగా వెయ్యి. ఆమె మెల్లగా వేసేది."

ఆమె అంటే ఆయన మొదటి భార్య. కామెర్లు ముదిరి చనిపోయింది. తలుపు అంటే ఆయన కారు తలుపు. ధర్మవరంలో మా వీధిలో మగ్గం లేని ఇల్లు లేదు గానీ, తొంభైల్లో కారున్న ఇల్లు మాత్రం మాదొక్కటే. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మీగడ రంగు కారు. వెనక సీట్లో పట్టుచీరలు పేర్చుకుని పెనుకొండ మీదుగా హిందూపురం అంగళ్ళకు తీసుకుపోయేవాడు. ఆ రంగు ఎంచింది కూడా ఆమేనని అత్త చెప్పింది. నేను అడగలేదు, అయినా చెప్పింది.

రెండో పెండ్లి కాబట్టి తాళితో పాటు నా మెడలో ఇంకొకటి కూడా పడింది. సవతి బిళ్ళ. పోయిన సవతి కొత్త పెళ్ళాన్ని పీడించకుండా వేసే చిన్న వెండి బిళ్ళ, దాని మీద రెండు పాదాలు. అత్త తన చేత్తోనే గొలుసుకు ఎక్కించి, "తియ్యొద్దు, ఆమెకు కోపమొస్తాది" అంది. ఆమెకు కోపమట! నా కోపం ఎవరికి కావాలి? ఆయన చూపు నా మెడ మీద పడితే చాలు, కడుపు రగిలిపోయేది. బిళ్ళను చూస్తున్నాడు, ఆమెను తలుచుకుంటున్నాడు అనుకునేదాన్ని. చచ్చినోళ్ళ కండ్లు చారెడు అని ఊరికే అనలేదు. బతికున్న నేను ఆ ఇంట్లో ఎవరి కంటికీ ఆనలేదు.

కారు మీదా అంతే కుళ్ళు నాకు. పొద్దున్నే దాన్ని స్టార్ట్ చేసి, గొంతు బాగుందని నమ్మకం కలిగాకే ఆయన కాఫీ తాగేవాడు. నాకు జ్వరమొచ్చి గొంతు పూడుకుపోతే మాత్రం, "ఏమే, పలకవేం?" అని కసిరాడు. నేను అడిగింది నగలు కాదు, నట్రా కాదు. ఆ చెవి ఒక్కసారి నా వైపు తిప్పాలి, అంతే.

ఒక దసరాకు ఆయుధపూజ చేశాం. ఆయన బానెట్ మీద పసుపు పూసి, గుమ్మడికాయ కొట్టి, అయిపోయిందన్నాడు. నేను మగ్గంపోళ్ళ బిడ్డను. మగ్గానికి పూజంటే మా పుట్టింట్లో నిలబడే కొయ్యలకు కాదు, ఆడే వాటికి బొట్టు పెడతాం. అటూ ఇటూ ఉరికే నాడెకు, కాళ్ళతో తొక్కే కొయ్యలకు.

"పై రేకుకు పెడితే ఏం లాభం? బానెట్ ఎత్తు" అన్నాను. ఎత్తాడు. నడుము వంచి, లోపలికంటా చెయ్యి చాపి, అందినదానికల్లా కుంకుమ పెట్టాను. ఇంకో సవతికి చీర పెట్టినట్టే అనిపించింది.

ఆ తర్వాత ఎప్పుడో స్నానం చేస్తూ చూసుకుంటే గొలుసుకు బిళ్ళ లేదు. కొక్కెం అరిగి ఊడినట్టుంది. ఇల్లంతా వెతికాను. అత్త కంట పడకుండా పైట పైకి లాక్కుని తిరిగాను. లోపల్లోపల మాత్రం, పోతే పోయింది పీడ అనుకున్నాను.

అప్పటికే కారుకు కొత్త చప్పుడొకటి పట్టుకుంది. "గలగలమంటాంది, వినపడలేదా?" అన్నాడు ఆయన. నాకేమీ వినపడలేదు. "ఆగితే వస్తాంది, ఉరికితే పోతాంది" అంటూ ఆ పూట అన్నం కెలికి వదిలేశాడు. పెనుకొండ మెకానిక్ ఇంజన్‌లో ట్యాపెట్లు వదులైనాయని చెప్పి సర్దాడు. చప్పుడు పోలేదు.

"రేపు హిందూపురం పోతాండా, నువ్వూ రా" అన్నాడు నాతో. ఎంత సంబరపడ్డానో! మంచి చీర కట్టుకున్నాను. తీరా చూస్తే, ఒకరు ఎక్సిలేటర్ తొక్కితే గానీ ఇంకొకరు వినడానికి కాదట. అందుకని నేను.

హిందూపురం మెకానిక్ కాసేపు విని, "ఇంజన్ దించాల్సిందేనప్పా, దుడ్లు బాగా అయితాయి" అన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని, కొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కండ్లు మూసుకున్నాడు. నేను తొక్కుతూ, బానెట్ కింది సందులోంచి ఆ ముఖాన్నే చూశాను. ఎంత ఓపిక, ఎంత మెత్తదనం! డాక్టరు కూడా రోగి గుండెను అట్లా వినడు. నాకు ఏడుపొచ్చింది.

"దొరికె! ఆపు!" అని అరిచాడు.

సైలెన్సర్ గొట్టం మొదట్లో, వేడి తగలకుండా కప్పిన రేకు ఒకటుంది. చప్పుడు దాని వెనక నుంచి. చల్లారనిచ్చి మెకానిక్ రేకు విప్పాడు. మాడి నల్లబడిన బిళ్ళ ఒకటి టంగుమని కింద పడింది. నేను దిగి వచ్చాను. చూడగానే తెలిసిపోయింది. ఆయన దాన్ని తీసి, పంచెతో బాగా రుద్ది, వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇది యాడి వాషరబ్బా?"

"వాషర్‌కు నడుమ బొక్కుండాల కదప్పా. ఇదేదో పాదాల బిళ్ళ" అన్నాడు మెకానిక్.

"నాది. నా మెళ్ళోది" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "ఎప్పుడేసుకుంటివి దీన్ని?"

"పెండ్లి నాడు. నీ ముందరే మీ అమ్మ ఏసింది. సవతి బిళ్ళ."

"అట్లనా" అన్నాడు. బిళ్ళ నా చేతిలో పెట్టి, మెకానిక్‌తో, "రేకు బిగించబ్బా, స్టార్ట్ చేసి చూద్దాం" అన్నాడు.

తిరుగు దారంతా బిళ్ళ నా పిడికిట్లోనే ఉంది. ఇన్నేండ్లూ నా మెడ చూసి ఆయన ఆమెను తలుచుకోలేదు. ఆమెను తలుచుకోలేదు సరే, నా మెడనైనా చూడలేదు. మరి నేను ఎవరి మీద ఏడ్చినట్టు? ఆమె గురించి ఆయన నాతో చెప్పింది ఏముందా అని వెతుక్కుంటే ఒక్క మాటే దొరికింది. తలుపు మెల్లగా వేసేది. కాపురం చేసిన మనిషి నుంచి ఆయనకు మిగిలింది అదే. పాపం, ఆమె కూడా ఈ సీట్లోనే కూర్చుని, ఈ కారును చూసి నా మాదిరే కుళ్ళుకుని ఉంటుంది. పెనుకొండ దాటాక ఆయన ఈల వేస్తూ, "వింటాండావా? చప్పుడే లేదు!" అన్నాడు.

ధర్మవరంలో ఇంటి ముందర దిగి, తలుపు దబామని వేశాను.

"మెల్లగా!" అన్నాడు.

మళ్ళీ తెరిచి ఇంకోసారి దబామని వేశాను. మొదటిది నాది. రెండోది ఆమెది.