మెడ మాత్రమే ఉన్న శత్రువు

నా చిన్నప్పుడు, సరిగ్గా చెప్పాలంటే చికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో ఐదో తరగతి చదువుతుండగా, ఒకణ్ణి దెబ్బ తీయడానికి కాగితం మీద ఏడు అంచెల ప్లాన్ రాసుకున్నాను. వాడు నా ప్రాణస్నేహితుడు. ఇద్దరం రెండు నెలలు కష్టపడి గీత వెంట నడిచే రోబో తయారుచేశాం. స్కూల్ ప్రదర్శన రోజు వాడు పోస్టర్ మీద నా పేరు చెరిపేసి, అంతా తనే చేశానన్నాడు. మొదటి బహుమతి వాడికే వచ్చింది. ఆ శనివారం అదే రోబోతో ఇంకా పెద్ద పోటీ.

మా ఇద్దరి అమ్మానాన్నలు చికాగో ఆఫీసుల నుంచి రైల్లో వచ్చేదాకా వాడూ నేనూ కింది ఫ్లాట్ ఆంటీ దగ్గర ఉండేవాళ్లం. ఆవిడ కాలేజీలో మధ్యయుగపు ఇంగ్లిష్ వీరగాథలు బోధించేవారు. "కత్తుల కథలకి కూడా జాబ్ ఇస్తారాండీ?" అని అంకుల్స్ ఆటపట్టించేవారు.

శుక్రవారం వాడు కరాటే క్లాసుకి వెళ్లగానే, ఆవిడ డైనింగ్ టేబుల్ మీదున్న రోబోలో మోటార్ వైరు వదులు చేశాను. పోటీలో రెండో మలుపు దగ్గర అది ఊడిపోవాలి. అది నాలుగో అంచె. అంతలో కాగితం ఆంటీ కంటపడింది.

ఆవిడ తిట్టలేదు. "ఇది మరీ పాత మోడల్ రా. పదమూడో శతాబ్దం," అన్నారు.

ఆ కాలపు కథల్లో రాజ్యం పోగొట్టుకున్న కుర్రాడు మారువేషంలో తిరిగొస్తాడు, శత్రువు తల నరుకుతాడు, పెళ్లి చేసుకుంటాడు. శత్రువుకి మెడ తప్ప ఇంకేమీ ఉండదన్నారు ఆంటీ. నాకు ఆ కథే తెగ నచ్చింది. నూరేళ్ల తర్వాతి కథల్లో, ఇచ్చిన మాట నిలబెట్టుకోగలనా అని వీరుడు తనతో తనే పోరాడడం మొదలుపెట్టాడట. మరో నూరేళ్లకు పద్యం స్థానంలో వచనం వచ్చింది. ఇప్పుడు శత్రువు ఒకే బల్ల దగ్గర భోంచేసిన స్నేహితుడు. యుద్ధపు గందరగోళంలో, చూసుకోకుండా వీరుడి తమ్ముణ్ణి చంపాడు. వీరుడు క్షమించనన్నాడు.

"చివరికి ఎవరు గెలిచారు ఆంటీ?"

"గెలవడానికి ఎవరు మిగిలార్రా? కుర్చీలన్నీ ఖాళీ."

"కానీ తప్పు వాడిదే కదా!"

"వాడిదే. అయినా నీ పేరు చెరిపేటప్పుడు వాడేం అనుకున్నాడో ఒక పేజీ రాయి. అప్పటిదాకా నీది ఫస్ట్ వెర్షనే."

కసిగా రాశాను. వాళ్ల నాన్న ఉద్యోగం పోయింది. వీసా గడువు దగ్గరపడింది. ఈ దేశం వదిలేలోపు ఒక్కటైనా సొంతంగా గెలిచి నాన్నకి చూపించాలని వాడు ఓసారి నాతోనే అన్నాడు. అదంతా రాశాక కూడా వాడి మీద అసహ్యం ఇసుమంతైనా తగ్గలేదు. కానీ లేచి వెళ్లి వైరు బిగించాను.

వాడు గెలిచాడు. స్టేజీ మీద నా పేరు ఎత్తలేదు. నేను చప్పట్లు కొట్టలేదు. నెల తిరక్కుండా వాళ్లు వెళ్లిపోయారు.

ఈనాటికీ ఎవరి మీద పగ పుట్టినా ముందు వాళ్ల వైపు నుంచి ఒక పేజీ రాస్తాను. పగ పోదు, చెయ్యి ఆగుతుంది. వాణ్ణి మాత్రం నేను క్షమించలేదు. వాళ్ల నాన్న ముందు వాడిని గెలిపించి నిలబెట్టింది ఆ వైరు బిగించిన నా చెయ్యేనని వాడికి తెలియదు. ఎప్పటికీ చెప్పను. నేను తీర్చుకున్న పగ అదొక్కటే.