రాతి ఊళ్ళో మూడు మాటలు

రిటైరయ్యాక నేను ఒప్పుకున్న పని ఒక్కటే. శనివారం పొద్దున పదింటికి, కేంబ్రిడ్జ్ పాత ఊరు చూడటానికి వచ్చినవాళ్ళను గంటన్నరసేపు నడిపించడం. స్కాట్లండ్ నుంచి సముద్రం దాటి ఇక్కడికి వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న రాతి ఊరది. నది మీద కాలినడక వంతెన, రెండు ఒడ్డుల మీదా చర్చి శిఖరాలు, పాడుబడ్డ ఉన్ని మిల్లు గోడలు చూపిస్తాను. చివర్లో మార్కెట్లో వెన్న బిస్కెట్లు తినిపిస్తాను. బెజవాడవాడు స్కాట్లండ్ వాళ్ళ చరిత్ర చెప్పడమేమిటని మా అబ్బాయి ఇంగ్లీషులోనే వెక్కిరిస్తాడు. వెక్కిరించనీ. నాకు మాత్రం అదంతా ఎక్కాల్లా నోటికొచ్చు.

మా ఆవిడ కూడా వస్తుంది. ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని గుంపు చివర నడుస్తుంది. ఈ ఏడు చలి తగ్గినప్పటి నుంచి ఆవిడకు కొత్త అలవాటు మొదలైంది. మధ్యలో ప్రశ్నలు అడుగుతుంది. ఈ రాయి ఎక్కడిదని ఒక వారం. ఆ మిల్లులో ఏం నేసేవారని ఇంకో వారం. ఇంట్లో వందసార్లు విన్న సంగతులే. మొదట చిరాకేసింది. తర్వాత భయం పట్టుకుంది.

ముప్పై ఏళ్ళు ఫ్యామిలీ డాక్టర్‌గా పనిచేశాను. చెప్పిందే మళ్ళీ మళ్ళీ అడుగుతోందని భార్యను వెంటబెట్టుకొచ్చిన భర్తలను ఎంతమందిని చూశానో. ఇప్పుడు వాళ్ళ ముఖాలే గుర్తొచ్చేవి. స్టౌ మీద పాలు పెట్టి మరిచిపోతుందేమోనని వంటింటి చుట్టూ తిరిగేవాణ్ణి. కారు తాళాలు ఆవిడ చేతికి ఇవ్వడం మానేశాను. ఆవిడ నన్ను మరిచిపోతే నా గతేంటి? ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పైకి అంటే నిజమైపోతుందని భయం.

జూన్‌లో ఒక శనివారం, బయల్దేరేముందు ధైర్యం చేశాను. పేషెంట్లకు పెట్టే పరీక్షే ఆవిడకూ పెట్టాను.

"మల్లె, గొడుగు, వంతెన. గుర్తుపెట్టుకో. టూర్ అయ్యాక అడుగుతా."

"ఎందుకండీ?"

"ఊరికే."

ఆవిడ నా వంక కాసేపు చూసి, షూస్ వేసుకుంది.

ఆ రోజు తొమ్మిది మంది వచ్చారు. వంతెన నడుమ ఆగి చర్చి శిఖరం చూపించాను. నోరు తెరిచాను. తర్వాతి మాట రాలేదు. మాట సంగతి అటుంచి, ఏ ఒడ్డు నుంచి వచ్చామో, ఏ ఒడ్డుకు వెళ్ళాలో కూడా తెలియలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. రెయిలింగ్ గట్టిగా పట్టుకున్నాను.

వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది. నేనెవరో తెలియని టూరిస్టులా ఇంగ్లీషులో అడిగింది. స్కాట్లండ్ నుంచి వచ్చిన మేస్త్రీలు తమ ఊళ్ళో ఇళ్ళు ఎలా ఉండేవో ఇక్కడా అలాగే కట్టారట, నిజమేనా అని.

నేను చెప్పాల్సిన వాక్యం అదే. దాన్ని పట్టుకున్నాక మిగతాదంతా దానంతట అదే వచ్చేసింది.

టూర్ అయ్యాక కారులో కూర్చున్నాం.

"ఆ ప్రశ్న ఎందుకడిగావు?" అన్నాను.

"మీరు ఆగిపోయారు కదండీ."

"ఏదో ఒక్కసారి."

"ఒక్కసారి కాదండీ." ఫ్లాస్కు మూత బిగిస్తూ మెల్లగా అంది. "నేను అడిగిన ప్రతిసారీ మీరు ఆగిపోయారు. ఏప్రిల్ నుంచి."

ఆవిడ ప్రశ్నలన్నీ నాకు గుర్తున్నాయి. నా చిరాకూ గుర్తుంది. వాటికి ముందు నేను ఆగిపోవడం మాత్రం, ఇవాళ్టిది తప్ప, ఒక్కటీ గుర్తులేదు.

"పొద్దున చెప్పిన మూడు మాటలు నాకు గుర్తున్నాయి," అంది. "మీరు చెప్పండి."

"మల్లె," అన్నాను. "గొడుగు."

ఎదురుగా కారు అద్దంలోంచి వంతెన కనిపిస్తోంది. దాని మీద జనం అటూ ఇటూ నడుస్తున్నారు. దాన్నే చూస్తూ మూడో మాట కోసం వెతుక్కున్నాను.

"తొందరేం లేదండీ. ఆలోచించుకోండి," అంది.

పేషెంట్లతో నేను అనే మాట అది. ఆవిడ చెయ్యి చాపి, నా ఒళ్ళో ఉన్న కారు తాళాలు తీసుకుంది.