కాదనని ఎమ్మెల్యే గారి దగ్గర పదేళ్ళు

మీ ఇంట్లో ఎమ్మెల్యే సంతకం ఉన్న సిఫారసు ఉత్తరం ఎప్పుడైనా ఉందా? ఉంటే, అది మీకు ఏ పని చేసిపెట్టిందో ఒక్కసారి గుర్తు చేసుకోగలరా?

అలాంటి ఉత్తరాలు నేను పదేళ్ళు రాశాను. సంతకం ఆయనది, మాటలు నావి.

కోనసీమలో ఒక ఎమ్మెల్యే దగ్గర పనిచేశాను. ఏ నియోజకవర్గమో, ఏ పార్టీయో చెప్పను. చెప్పినా తేడా పడదు. ఈ మనిషి అన్ని పార్టీల్లోనూ ఉంటాడు. తొంభైల మధ్యలో, తెలుగు టీచరుగా ఉన్న నన్ను డిప్యుటేషన్ మీద ఆయనకు సహాయకుడిగా వేశారు. అడిగింది ఆయన, ఒప్పుకున్నది నేను.

ఒప్పుకోవడానికి నాకు కారణం ఉంది. అప్పటికి హేతువాద సభల్లో మాట్లాడేవాణ్ణి. అమలాపురంలోనో రాజోలులోనో కొత్తపేటలోనో చర్చ పెట్టారంటే బస్సెక్కేవాణ్ణి. నాలుక మీద కర్పూరం వెలిగించి చూపేవాణ్ణి. తాయెత్తు కోసి లోపల రాగిరేకు ముక్క తప్ప ఏమీ లేదని పదిమంది చేతుల్లో పెట్టేవాణ్ణి. ఆయన కొబ్బరితోటలున్న రైతు, పెద్ద కులం. ఆయన తండ్రి కాలంలో ఆ ఇంటి చూరులో కొందరి కోసం వేరే గ్లాసులు ఉండేవి. ఆయన సర్పంచి అయిన ఏడు ఆ గ్లాసులు తీయించి కాలవలో పారేయించారు. ఆ తర్వాత ఎవరొచ్చినా ఒకటే వసారా, ఒకటే గ్లాసు, ఒకటే టీ. ఇది విన్న మాట కాదు, చూసిన సంగతి. అలాంటి మనిషి అసెంబ్లీకి వెళ్తే మనం సభల్లో అరిచేది అక్కడ చట్టమవుతుందని నమ్మాను. మొదటిసారి గెలిచిన రోజున జీపు వెనక నిలబడి నేనూ ఊరేగాను. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు సిగ్గూ కలగడం లేదు, గర్వమూ కలగడం లేదు.

పొద్దున్న ఏడింటికల్లా వసారా నిండేది. కొబ్బరిపీచు వాసన. ఆయన పడక్కుర్చీ, పక్కన నా బల్ల, బల్ల మీద ఫోను, సొరుగులో లెటర్‌హెడ్ల కట్ట. ఆయన నోట కాదు అన్న మాట పదేళ్ళలో ఒక్కసారి కూడా వినలేదు. వచ్చినవాళ్ళ ఊరు చెబితే చాలు, ఇంట్లో ఎవరికి జబ్బు చేసిందో, ఎవరి పెళ్ళి ఆగిందో ఆయనే అడిగేవారు. ఎన్నికల్లో గెలిచింది ఆ జ్ఞాపకశక్తితోనే అని నా నమ్మకం.

మొదటి ఏడు వానలు తగ్గాక ఒకావిడ వచ్చింది. లంకలో కాపురం. గోదావరి పాయల నడుమ ఒండ్రు మేటవేసి ఏర్పడిన నేల లంక. ఏరు దానికి ఒక పక్క మట్టి పోస్తుంది, ఇంకో పక్క కోస్తుంది. ఈమె ఇల్లు కోసే పక్కన ఉంది. భర్త ఇసుక పడవ మీద పనికి వెళ్తాడు, ఈమె కూలికి వెళ్తుంది.

"ఇంటికీ ఏటికీ మద్దెన నాలుగు వరసల కొబ్బరిచెట్లున్నాయండి," అంది. "పోయినేడు ఆరుండేవండి."

ఏటిగట్టుకు ఇవతల, వరద రాని చోట, ఇల్లు వేసుకునేందుకు కాస్త స్థలం కావాలి. చెట్ల వరసలు అయిపోయేలోగా కావాలి. ఆమె అడిగింది అంతే.

ఎమ్మెల్యే గారు అంతకుముందు ప్రచారానికి వెళ్ళినప్పుడు ఆమె వాకిట్లో చూలు గేదెను చూశారు, మరిచిపోలేదు. "గేదె ఈనిందా అమ్మా?" అని అడిగారు.

"ఈనిందండి. పెయ్యదూడండి."

"మంచిదే కదా. నీ స్థలం సంగతి నేను చూస్తాను. మాస్టారూ, ఎమ్మార్వో గారికి ఉత్తరం రాసిచ్చెయ్యండి."

"ఆయ్," అన్నాను.

రాశాను. లంక ఎటు పెరుగుతోంది, ఎటు తరుగుతోంది, కొబ్బరి వరసకూ వరసకూ మధ్య ఎడమెంత, ఈ లెక్కన ఇల్లు ఎన్నాళ్ళు ఆగుతుంది, అన్నీ వరసగా పేర్చి ఒకటిన్నర పేజీ. చదివి వినిపిస్తే ఆమె రెండు చేతులూ చాచి అందుకుంది. నేను రాసిన దానిలో ఒక్క తప్పు లేదు. ఎవరైనా చదివితే ఒప్పుకు తీరాలి అనుకున్నాను. వాదనంటే అప్పట్లో నాకు అంత నమ్మకం.

మరుసటి ఏడు మళ్ళీ వచ్చింది. "మూడు వరసలండి," అంది. ఇంకా మంచి ఉత్తరం రాశాను.

ఆ చలికాలంలోనే వేరే పని మీద మండలాఫీసుకు వెళ్తే ఎమ్మార్వో కుర్చీ వేయించి కూర్చోబెట్టారు.

"మాస్టారూ, మీ ఉత్తరాలు మేం అందరం చదువుకుంటామండి. భలే రాస్తారు."

"మరి పని?"

"ఫోను రాలేదు కదండీ."

నేను అర్థం కానట్టు చూశాను. ఆయన ఏ దాపరికం లేకుండా చెప్పారు. "ఉత్తరం అందరికీ ఇస్తారండి ఎమ్మెల్యే గారు. ఇవ్వకపోతే జనం బాధపడతారు కదా. చెయ్యాల్సిన వాటికి ఫోను వస్తుంది. నంబరు కలిపేది మీరే కదండీ, మీకు తెలీదా ఏంటి?"

నంబరు కలిపేది నేనే. రోజుకు మూడో నాలుగో ఫోన్లు. ఎవరి కోసం చేస్తారో నాకు తెలుసు. పోలింగు బూతుల్లో కూర్చునేవాళ్ళు, కులపెద్దలు, కాంట్రాక్టర్లు. ఆ ఫోన్ల చీటీ రాసేది కూడా నేనే. అందులో ఆమె పేరు ఒక్కసారి ఇరికిస్తే, ఆయన పేర్లు చూసుకోకుండానే మాట్లాడేసేవారేమో. ఇరికించలేదు. ఎందుకంటే ఫోను అక్రమం అని నా సిద్ధాంతం. హక్కుగా రావాల్సింది సిఫారసుతో తెచ్చుకోవడం బానిసత్వమని సభల్లో చెప్పేవాణ్ణి. న్యాయంగా, నిబంధన చూపించి, కాగితం మీద అడగాలి. పని జరగకపోతే తప్పు వాళ్ళది. నా చేతులు శుభ్రంగా ఉన్నాయి. వాటిని శుభ్రంగా ఉంచుకోవడానికి ఏరు ఎవరి పెరడు కోస్తోందో నేను ఆలోచించలేదు. ఆమెకు కనీసం ఈ సంగతైనా చెప్పాలి కదా. చెప్పలేదు. ఉత్తరం వల్ల పని జరగదని చెబితే, ఆ ఉత్తరం రాస్తున్న నేనెవరిని?

రెండోసారీ ఆయన గెలిచారు. మంత్రి అవుతారని వసారాకు రంగులు వేయించారు, అవ్వలేదు. హైదరాబాదు నుంచి తిరిగి వచ్చిన రోజున వసారాలోకి రాలేదు. మర్నాడు ఏడింటికి మామూలుగా పడక్కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళకల్లా సరేనన్నారు. ఆమె ఏటేటా వస్తూనే ఉంది. రెండు వరసలు. తర్వాత ఒకటిన్నర. నేను రాస్తూనే ఉన్నాను. పోను పోను ఉత్తరాలు పొట్టివయ్యాయి.

ఒక ఆదివారం ఆ లంకలోనే సభ. పడవలో వెళ్ళాను. బడి అరుగు మీద నిలబడి కర్పూరం వెలిగించాను, తాయెత్తు కోశాను. "ఈ రేకు ఏరును ఆపుతుందా?" అని అడిగాను.

ముందు వరసలో కూర్చున్న ఆమె లేచింది.

"మాస్టారండీ, మరి మీ కాయితం ఆపుద్దాండి?"

జనం నవ్వారు. ఆమె నవ్వలేదు.

"అయిదున్నాయండి నా దగ్గర. ప్లాస్టిక్ కవర్లో పెట్టి చూరులో దోపేను. తాయెత్తు కట్టినాయనా మళ్ళీ రమ్మంటాడు, మీరూ మళ్ళీ రమ్మంటారు. ఆయన కోడినడుగుతాడు, మీరు ఓటడుగుతారు. ఇంకేం తేడా ఉందో చెప్పండి, కూర్చుంటాను."

వెనకనుంచి ఒక ముసలాయన అందుకున్నాడు. "కోడైతే ఆ పూటతో పోద్ది. ఓటైతే అయిదేళ్ళు పోద్ది."

మళ్ళీ నవ్వులు. చర్చల్లో నన్ను ఓడించడానికి శాస్త్రాలు చదివినవాళ్ళు వచ్చారు, ఎవరివల్లా కాలేదు. ఆ వేళ కర్పూరం డబ్బాకు మూత పెట్టేశాను. ఏదో చెప్పి సభ ముగించాను. తిరుగు పడవలో కర్పూరం డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బాధ పడాలి అని తెలుసు. పడలేదు.

మర్నాడు ఫోన్ల చీటీలో ఆమె పేరు మొదట రాశాను. ఎమ్మెల్యే గారు చూశారు.

"ఎవరు, ఆ గేదె అమ్మాయా? చేద్దాం మాస్టారూ."

"ఈ రోజే చెయ్యాలండి. ఒక్క వరస మిగిలింది."

"ఈ విడత స్థలాలు గట్టు కింద పేట వాళ్ళకి మాటిచ్చేసేనండి. అక్కడ బూతు మొత్తం మనకే పడింది. లంకలో సగం సగమే కదా. వచ్చే విడతలో మొదటి పేరు ఆవిడదే."

"ఏరు విడతలు చూడదండి."

"సభలో మాట్లాడినట్టు మాట్లాడకండి మాస్టారూ," అని నవ్వి భుజం తట్టారు. ఆమె పేరు వదిలి రెండో పేరుకు నంబరు కలపమన్నారు. కలిపాను.

అప్పుడైనా ఎందుకు మానలేదని మీరు అడగవచ్చు. ఎమ్మెల్యే గారి ఇల్లు మా ఇంటికి సైకిలు దూరం. మానేస్తే బడికి రెండు బస్సులు మారాలి. వెతికి చూసుకుంటే ఇంతకన్నా పెద్ద కారణం కనబడలేదు.

వచ్చే విడత రాకముందే ఎన్నికల కోడ్ వచ్చింది. ఆయన ఓడిపోయారు. లెక్కింపు రోజు సాయంత్రం వసారాలో పదిమంది కూడా లేరు. అందరికీ టీ పోయించారు. నా డిప్యుటేషన్ రద్దయింది. రెండు బస్సులు మారి బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. అంత కష్టంగా కూడా లేదు.

తర్వాతి వరదల్లో ఆమె ఇల్లు పోయింది. వరద పెరిగేటప్పుడు కాదు, తీసేటప్పుడు ఒడ్డు విరుగుతుంది. నీళ్ళు తగ్గాయని జనం ఊపిరి పీల్చుకున్న మూడో రోజున కూలిందట. నేను ఏటిగట్టు మీదికి వెళ్ళి చూశాను. టార్పాలిన్ కింద రెండు తలుపులు ఆనించి ఉన్నాయి, గేదె కట్టేసి ఉంది.

"తలుపులు ముందే ఊడదీసుకొచ్చేసేమండి," అంది. "కూర్చోండి. టీ పెడతాను."

కూర్చున్నాను. తాగాను.

ఎమ్మెల్యే గారు తర్వాత పార్టీ మారారు. టిక్కెట్టు ఇస్తామని కండువా కప్పారు. ఇవ్వలేదు. వాళ్ళు కూడా ఆయనకు కాదని చెప్పలేదు, చూద్దామన్నారు, అంతే. మళ్ళీ ఒకసారి వసారాలో కలిశాను. "ఎవరికీ కాదనలేదు మాస్టారూ. నేను చేసిన తప్పదొక్కటే," అన్నారు. దాన్ని ఆయన గొప్పగానే చెప్పుకున్నారు. నాకు కోపం రాలేదు. అది అక్షరాలా నిజం. ఒక్కసారి కాదని ఉంటే ఆమె ఇంకో దారి వెతుక్కునేది.

ఇళ్ళ స్థలాలకు మళ్ళీ జాబితా వేస్తున్నారని తెలిసి ఆమెను వెంటబెట్టుకుని మండలాఫీసుకు వెళ్ళాను. ఎమ్మార్వో హోదా పేరు అప్పటికి తహశీల్దారుగా మారింది. కొత్తగా చేరిన గుమాస్తా అమ్మాయి పాత రిజిస్టర్లన్నీ ఓపిగ్గా తిరగేసింది.

"ఈవిడ పేరు మీద దరఖాస్తే లేదండి."

"పదేళ్ళుగా అడుగుతోందమ్మా. ఎమ్మెల్యే గారి ఉత్తరాలు..."

"ఉత్తరాలు దరఖాస్తు కాదు కదండీ. అవి కట్ట కట్టి పక్కన పెడతారు. దరఖాస్తిస్తే నంబరు పడుద్దండి. నంబరు పడితే జాబితా వేసేటప్పుడు చూడక తప్పదు. పేరు తీసేస్తే ఎందుకు తీసేరో రాసివ్వాలి."

ఒక్క కాగితం. పేరు, ఊరు, ఉంటున్న చోటు, కావలసింది, సంతకం. పదేళ్ళలో అది ఇవ్వమని ఆమెకు నేను చెప్పలేదు. దేవుడికి రుజువేదని ఊరూరా తిరిగి అడిగినవాణ్ణి, నా ఉత్తరం ఆ ఆఫీసులో ఏ పుస్తకంలోకి ఎక్కిందో ఒక్కసారి అడగలేదు. ఎమ్మెల్యేను నమ్మవద్దని మీకు చెప్పడం తేలిక. నేను నమ్మింది నా రాతను. నమ్మకం ఎందులో ఉన్నా నమ్మకమే. పరీక్షించకపోతే అది మనిషిని ముంచుతుంది. ముంచింది నన్ను కాదు, ఆమెను.

బల్ల మీదే దరఖాస్తు రాయించాను. ఆమె సంతకం పెట్టింది. నంబరు వేసి రసీదు ఇచ్చారు. ఏడాది తిరగకుండా వచ్చిన జాబితాలో ఆమె పేరుంది. ఎవరూ ఫోను చెయ్యలేదు.

పట్టా అందుకుని బయటికొచ్చాక ఆమె మెట్ల మీద ఆగింది.

"ఇదేదో అప్పుడే చెప్తే పోయేది కదండీ మాస్టారూ," అంది. తిట్టినట్టు లేదు. నిజంగానే అడిగినట్టుంది.

గట్టు మీద టార్పాలిన్ కింద ఆమె గడిపిన ఏళ్ళకు జవాబు రాయగల తెలుగు నాకు రాదు.

మీ ఊళ్ళోనూ ఇలా ఎవరి వాకిట్లోనో కాచుకుని కూర్చున్న మనిషి ఒకరు ఉంటారు. వాళ్ళెవరో మీకు తెలుసు. ఈ పుస్తకం పక్కన పెట్టి లేవండి. వాళ్ళింటికి వెళ్ళి, దరఖాస్తు ఇచ్చారా అని అడగండి. ఇవ్వకపోతే రేపు పదింటికి మండలాఫీసుకు వెంట వెళ్ళండి. నంబరు వేసిన రసీదు వాళ్ళ చేతికి వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి.